పగవాళ్ళ బర్రె

ముందు కబురు చెప్పేస్తాను, లేకపోతే నాకు ఊపిరాడదు. నేను డిగ్రీ పాసయ్యాను. బీఏ, ఫస్ట్ క్లాసు. మా ఇంట్లో ఇంతవరకూ పెద్ద చదువు మా చిన్నాయనది. ఆయన ఐదో తరగతిలో అయ్యవారి మీద అలిగి బడి మానేశాడు. మా నాయనది వేలిముద్ర. మా అమ్మకు వేలిముద్ర కూడా సరిగ్గా పడదు. ఉదయగిరి నుంచి తెచ్చుకునే చెక్క గరిటెలకు ఉప్పుకాగితం రుద్దీ రుద్దీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ అంగట్లో మిషన్ ఆమెను గుర్తుపట్టదు. అట్లాంటి ఇంట్లోంచి వచ్చి నేను పాసయ్యాను.

ఫలితాలు ఆత్మకూరు బస్టాండులో ఫోన్లో చూసుకున్నాను. చూసి నేను వేసిన కేకకు పక్కన పూలమ్మే ఆమె, ఎవరి పర్సో కొట్టేశారనుకుని తన సంచి గట్టిగా పట్టుకుంది. ఆమెకు చెప్పాను. ఉదయగిరి బస్సు కండక్టర్‌కు చెప్పాను. ఆయన, "మంచిదమ్మా, లోపలికి జరుగు" అన్నాడు. పక్క సీట్లో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయనకు చెప్పాను. ఆయనకు చెవులు వినపడవు, అయినా రెండుసార్లు చెప్పాను.

కానీ ఈ కబురు వీళ్ళెవరి కోసమూ కాదు. నేను దీన్ని ఒకే ఒక్క మనిషి కోసం పదును పెట్టుకుంటూ వచ్చాను. మా మేనత్త కోసం.

ఆమె మా నాయనకు అక్క. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డుకు కొంచెం లోపల మా పల్లె ఉంది. చెరువు కట్టకు ఈ చివర మా ఇల్లు, ఆ చివర ఆమెది. మామ పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, మర్రిపాడు మీదుగా తిరిగే లారీల్లో డ్రైవరు. నేను ఇంటర్ అయిపోయాక నన్ను ఆ బావకు ఇమ్మని అడిగింది. నేను చదువుకుంటానన్నాను. ఆ మాట అమ్మ చేత మెల్లిగా చెప్పించి ఉంటే ఎట్లా ఉండేదో నాకు తెలియదు, నేను మాత్రం అందరూ ఉండగా నా నోటితోనే చెప్పాను. అత్త ఆ రోజు తాంబూలం తెచ్చిన పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చింది. మా నాయన చేపల వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. అత్త కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"రేయ్, నీ కూతురు జదివే సదువేందో ఆత్మకూర్లో నా కళ్ళతో చూసినారా. బస్టాండు పక్కన ఎవడితోనో ఇకిలించుకుంటా నిలబడుండాది. అడిగేవాడు ల్యాక."

అది జెరాక్స్ షాపు. నోట్సు కాపీలు తీయించుకోవడానికి మా క్లాసు వాళ్ళం గుంపుగా నిలబడ్డాం. మిషన్ సగం కాగితాలు నమిలి మింగేసింది, షాపతను దాని నోట్లో చెయ్యి పెట్టి లాగుతుంటే అందరం నవ్వాం. నా పక్కనున్నవాడు కూడా నవ్వాడు. అంతే, జరిగింది అంతే.

మా నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. ఒకే గదిలో ఉండి అమ్మతో చెప్పేవాడు, "దాన్ని అన్నం తినమను." నేను అమ్మతో చెప్పేదాన్ని, "తిన్నానని చెప్పు." నాకు చిల్లర డబ్బులు కావాలంటే కిటికీ గూట్లో పెట్టి పోయేవాడు. నేను తీసుకున్నానో లేదో తిరిగి చూసుకునేవాడు కూడా. కానీ మాట లేదు. చెరువులో చేపలు పట్టి వచ్చి, ఏ చేప ఎట్లా చిక్కిందో నాకు కథ చెప్పకుండా నిద్రపోని మనిషి ఆయన. కాలేజీ మాత్రం మాన్పించలేదు, అమ్మ మాన్పించనివ్వలేదు.

నాకు చదువు మీద ప్రేమ ఉండేదని చెబితే గొప్పగా ఉంటుంది గానీ, ఆ తర్వాత నేను చదివిందంతా కోపంతో చదివాను. పరీక్షలో చరిత్ర పేపర్ రాస్తుంటే యుద్ధాల్లో ఓడిన ప్రతి రాజుకూ మా అత్త ముఖమే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమెతో అనబోయే మాటల్ని రోజూ మార్చి మార్చి కట్టుకునేదాన్ని. నాకు కావలసింది ఒకటే. మా నాయన ఎదురుగా, నలుగురి ముందు, ఆమె తన నోటితో చెప్పాలి, నేను అబద్ధం చెప్పినాను అని. అప్పుడు మా నాయన నాతో మాట్లాడాలి.

మా చర్చి సంఘంలో ఎవరింట్లో ఏ మేలు జరిగినా వాకిట్లో నీడకు టార్పాలిన్ పట్ట కట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకు అన్నం పెడతారు. కృతజ్ఞత కూడిక అంటారు. నేను పాసైతే పెడతానని అమ్మ ఎప్పుడో మొక్కుకుంది. అందర్నీ పిలిచింది, కట్టకు ఆ చివర కూడా కబురు పంపింది. అత్త దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "పాసైతే పాసైందిలే. కలెక్టరేమన్నా అయిందా?"

ఆ జవాబు విని నాకు సంతోషమే కలిగింది. పగకు అట్లాంటి మాటలు కట్టెపుల్లల్లాంటివి.

కూడిక రోజు మధ్యాహ్నం కొత్తిమీర చాలలేదని అమ్మ నన్ను రోడ్డు మీది అంగడికి పంపింది. నాయన అద్దె గిన్నెల కోసం ఆటోలో ఉదయగిరి పోయి ఉన్నాడు. నేను కొత్తిమీర కట్టలు చేతిలో పట్టుకుని తిరిగి వస్తుంటే, రోడ్డు మోరీ కింద నీడలో ఒక బర్రె నిలబడి ఉంది. పలుపు తెగి మెడకు వేలాడుతోంది. ఒక కొమ్ము కిందికి వంగి, కంటి పక్కకు వచ్చి ఉంది. పొట్ట నేలకు దిగిన నిండు చూలు.

ఆ కొమ్మును నేను ఎక్కడైనా గుర్తుపడతాను. అది మా అత్త బర్రె. ఆమెకున్నది అదొక్కటే. పాల కేంద్రంలో ఆమె పోసే పాలు దానివే, ఇంట్లో ఆమె మాట్లాడే మనిషీ అదే.

పైన లారీలు దబదబా పోతున్నాయి. నేను పలుపు పట్టుకున్నాను. నా గుండె ఫలితాలు చూసిన రోజు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

ఇంటికి తోలుకొచ్చేసరికి అమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. బర్రెను చూసింది, కొమ్మును చూసింది, కత్తిపీట మడిచేసింది.

"యాడ దొరికింది?"

"మోరీ కింద."

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని ఆకాశం వైపు చూసి చేతులెత్తింది. "స్తోత్రం తండ్రీ! చూసినావా పాపా? ఆయనే తోలి పంపినాడు. ఇంటెనక కట్టెయ్. దీనికోసరం రాక యాడికి పోద్ది? వచ్చినప్పుడు, మీ నాయన ఉన్నప్పుడు, అందరి ముందరా ఆ మాట చెప్పి బర్రెను తోలకపొమ్మంటాం. మనమేం గొడవ పెట్టుకోబళ్ళా. నిజం జెప్పమంటాం, అంతే గదా?"

అంతే. ఎంత చక్కగా ఉంది! నేను బస్సులో అన్ని రోజులు ఆలోచించినా ఇంత చక్కటి ఉపాయం తట్టలేదు. ఇంటి వెనక వేపచెట్టుకు కట్టేశాం. అమ్మ కుడితి కూడా పెట్టింది. పగవాళ్ళ బర్రెకు కుడితి పెట్టినందుకు తనను తానే మెచ్చుకుంది.

కాసేపటికి మా సంఘం పాస్టరు అయ్యగారు మోటార్ సైకిల్ వెనక మైకు పెట్టె కట్టుకుని వచ్చారు. మంచి మనిషి. అమ్మ ఆయనకు అంతా చెప్పింది. ఆయన బర్రెను చూసి, నన్ను చూసి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంత మంచి సమయం మళ్ళీ రాదు పాపా. కూడికలోనే ఆమెను పిలిపిద్దాం. నిజం ఒప్పుకోనిద్దాం. నువ్వు క్షమించినానని చెప్పి పలుపు ఆమె చేతికియ్యి. ఎంతమందికి సాక్ష్యంగా ఉంటాది!"

నాకు ఒళ్ళంతా పులకరించింది. మైకు, జనం, మధ్యలో తలవంచుకుని అత్త, పలుపు అందిస్తూ నేను. క్షమించడంలో ఇంత రుచి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె చచ్చేదాకా మరిచిపోలేనంత గట్టిగా క్షమించాలనుకున్నాను.

ఇక్కడే నన్ను నా తెలివే కాటేసింది.

చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీ పెట్టేవారు. పిల్లలందరూ గొర్రెల కాపరి గురించీ వెలుగు గురించీ అప్పజెప్పేవాళ్ళు. నేను ఎద్దులూ గాడిదలూ ఉన్నాయని ఎవరూ ముట్టుకోని ఒక ముక్క ఎంచుకున్నాను. తప్పు లేకుండా చెప్పి ప్లాస్టిక్ బకెట్టు గెలుచుకున్నాను. ఆ ముక్క ఏమంటుందంటే, నీ పగవాడి ఎద్దు గానీ గాడిద గానీ దారి తప్పి నీకు కనిపిస్తే దాన్ని తోలుకెళ్ళి వాడికి అప్పగించాలి. అంతే. నువ్వు వాణ్ణి ప్రేమిస్తున్నావా అని అడగదు. క్షమించావా అని అడగదు. వాడు నిజం ఒప్పుకున్నాడా అని అసలే అడగదు.

కుర్చీలు వేస్తూ ఆ ముక్కతో వాదులాడాను. అందులో బర్రె లేదు కదా అన్నాను. డిగ్రీ చదివినదాన్ని, ఆ మాత్రం తర్కం వచ్చు. నేను ఇవ్వనంటున్నానా, కొంచెం ఆలస్యంగా ఇస్తానంటున్నాను అన్నాను. దాచుకోవడానికి కాదు, నిజం కోసం అన్నాను. మా నాయన కోసం అన్నాను. ఇది సాక్ష్యంగా ఉంటుందని అయ్యగారే చెప్పారు కదా అన్నాను. ఎన్ని చెప్పినా ఆ ముక్క కదలలేదు. అదే ఆదివారం బడిలో ఒక రాజు కథ కూడా చెప్పారు. యుద్ధంలో గెలిచాక శత్రువులది ఏదీ మిగల్చొద్దని దేవుడు చెబితే, మంచి గొర్రెల్ని దేవుడికే బలి ఇద్దామని మిగుల్చుకుని, రాజ్యమే పోగొట్టుకున్నాడు. అప్పట్లో పాపం మంచివాడే కదా అనుకున్నాను. ఇప్పుడు అతని గొర్రెలు నా వేపచెట్టు కింద అరుస్తున్నట్టుగా ఉంది.

నిజంగానే బర్రె అరవడం మొదలుపెట్టింది. నిలబడుతోంది, పడుకుంటోంది, మళ్ళీ లేస్తోంది, తోక ఎత్తుతోంది. కట్ట అవతల నుంచి దూరంగా ఒక గొంతు, "రాయే తల్లీ... రాయే" అని గీరుకుపోయి వినిపిస్తోంది. బర్రె ఆ గొంతు వైపు మెడ తిప్పి పలుపు తెంచుకోబోయింది.

నాకు జాలి వేసిందని రాయను. ఆ గొంతు అట్లా గీరుకుపోవడం నాకు బాగానే ఉంది. ఇంకా కాసేపు పిలవనీ అనిపించింది. అయినా నేను వెళ్ళి ముడి విప్పాను.

అమ్మ చూసింది. "యాడికే?"

"తోలకపోతా ఉండా."

"ఎవురు పొమ్మన్యారు నిన్ను? ఆమెనే రానీ. మీ నాయనకి చెప్పనీ."

"వాక్యంలో తోలకపొయ్యి ఇయ్యమనే చెప్పుండాది మా. కట్టేసి పిలిపించమని ల్యా."

"మనమేమన్నా దొంగతనం జేసినామా? మంచికే గదా జేస్తా ఉండేది?"

"మంచికే."

"మరి?"

"మంచికా చెడ్డకా అని దేవుడు అడగడు మా. బర్రె యాడుండాదని అడుగుతాడు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. "నాకే ఎదురు జెప్పేదానికి చదివించినా నిన్ను! ఈ పొద్దు వొదిలేస్తే మీ నాయన ఇంక జన్మలో నీతో మాట్లాడడు. ఆ సంగతన్నా తెలుసా నీకు?"

తెలుసు. అయినా కూడిక కోసం కట్టుకున్న కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఏడుపు వస్తుంటే మింగుకుంటూ బర్రెను కట్ట మీదికి తోలాను.

కూడికకు వచ్చేవాళ్ళందరూ నాకు ఎదురుగా వస్తున్నారు. ఒక అవ్వ ఆగి నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఏందే, పెళ్ళికూతురు మాదిర తయారై బర్రెనెంటబెట్టుకొని పోతన్నావ్?"

"ఇదే పెళ్ళికొడుకు అవ్వా. నచ్చల్యా?"

"ముక్కు బాగుండాదిలే" అంది అవ్వ.

నాకు నవ్వు రాలేదు. కట్ట పొడుగునా అత్తను తిడుతూనే నడిచాను. కంచం పగిలిపోవాలని, కాఫీలో ఉప్పు పడాలని, కొడుక్కి ఆమె మాట వినని పెళ్ళాం రావాలని. క్షమాపణ నా లోపల ఎక్కడా లేదు, వెతికినా దొరకదు. కాళ్ళు మాత్రం నడుస్తున్నాయి, బర్రె నడుస్తోంది.

అత్త కట్ట దిగువనే ఎదురైంది. జుట్టు ముడి ఊడిపోయి, కాళ్ళకు బురద. బర్రెను చూసి మెడ కావలించుకుంది. తర్వాత నన్ను చూసింది.

"నా బర్రె నీ చేతికెట్టొచ్చిందే?"

"రోడ్డు కాడ మోరీ కింద ఉండాది. తోలకొచ్చినా."

"ఎప్పుడు?"

ఇప్పుడే అని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. "మద్దేనం."

"మద్దేనం దొరికితే పొద్దుగూకే యాళకా తెచ్చేది? ఇంతసేపు యాడ బెట్టినారు?"

"మా ఇంటెనక కట్టేసినాం."

"కట్టేసినారా! ఎందుకు? పాలు పిండుకుందామనా?"

"నిండు చూలు బర్రెకు పాలేంది అత్తా?"

"నోరు జూడు నోరు. డిగ్రీ నోరు!"

చెప్పింది చేశాను, నా పని అయిపోయింది. ఒక్క మాట కూడా తిరిగి అనకుండా వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక ధబ్బుమని చప్పుడైంది. బర్రె పాక ముందు కూలబడిపోయింది. కాళ్ళు బార్లా చాపి మూలుగుతోంది. అత్త దాని వెనక కూర్చుని చూసి, "అయ్యో దేవుడా, ఒక కాలే వచ్చిందే" అంది.

దూడ పుట్టేటప్పుడు ముందరి కాళ్ళు రెండూ కలిసి రావాలి. ఒక్క గిట్టే బయటికి కనిపిస్తోంది. రెండోది లోపల మడుచుకుపోయింది.

నాకు బకెట్టు గెలిచిపెట్టిన ఆ ముక్కకు రెండో సగం కూడా ఉంది. నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద పడిపోయి ఉంటే వదిలేసి పోకూడదు, వాడితో కలిసి లేపాలి. వాడి కోసం కాదు, వాడితో కలిసి. నేను అక్కడే నిలబడి పళ్ళు నూరాను. అమ్మను తిట్టాను, బకెట్టును తిట్టాను. చీర కొంగు నడుముకు చుట్టుకుని వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను.

"నాయన ఉదయగిరి పొయ్యుండాడు. ఏం జెయ్యాల్నో జెప్పు" అన్నాను.

అత్త నా వైపు చూడకుండానే అంది, "నా కుడి చెయ్యి పట్టుండదు. మణికట్టిరిగి అతికింది. నీ చెయ్యి బెట్టు."

చెయ్యి పెట్టాను. వేడిగా, జిగురుగా, బిగుతుగా ఉంది. "దూడని లోపలికి నెట్టు. నొప్పొచ్చినప్పుడు గాదు, ఆగినప్పుడు నెట్టు. మోకాలు దొరికిందా? కిందికి పో. గిట్టని అరచేతిలో మూసిపెట్టుకో, ల్యాకపోతే గర్భసంచి చీరేస్తది. ఇప్పుడు ముందుకు లాగు. నిదానం. వొదలొద్దే. వొదలొద్దు తల్లీ."

తల్లీ అంది నన్ను. ఆమె ముఖం నా భుజానికి ఆనుకుని ఉంది, కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది, ఇప్పుడు అడిగితే చెబుతుంది. అబద్ధం చెప్పినానని చెబుతుంది, మా నాయన ముందు చెబుతానని బర్రె మీద ఒట్టు కూడా పెడుతుంది. చెయ్యి కొంచెం వదులు చేస్తే చాలు. వేపచెట్టుకు కట్టేయడం పిల్లల ఆట, అసలైన పలుపు ఇప్పుడు నా పిడికిట్లో ఉంది.

నోటిదాకా వచ్చింది. నేను అడగలేదు. మంచిదాన్నయి కాదు. కలిసి లేపమని ఉంది, లేపుతూ బేరమాడమని లేదు. అంతకంటే కారణం నా దగ్గర లేదు. గిట్ట ముందుకు వచ్చింది. ఇద్దరం తలా ఒక కాలు పట్టుకుని, బర్రె ముక్కినప్పుడల్లా లాగాం. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, ఆ తర్వాత దూడ మొత్తం నా కొత్త చీర మీదికి జారి పడింది.

అత్త దాని ముక్కులో జిగురు తీసి, గడ్డితో రుద్ది, తోక ఎత్తి చూసింది. ముఖం మాడిపోయింది.

"దున్నపోతు! పెయ్య పుడితే రెండో పాడి అవుద్దని ఎంత ఆశపడినా. నువ్వు అడుగుబెట్టినావ్, దున్నపోతు పుట్టింది!"

"నేను లాగితే దున్నపోతైందా? నువ్వు పట్టుకున్న కాలిపక్క ఏమో!"

"పో, చెయ్యి కడుక్కో పో."

తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కట్ట అవతల నుంచి మైకులో అయ్యగారి గొంతు వినిపించింది. నేను లేకుండానే కూడిక మొదలైపోయింది. మా బిడ్డను పాస్ చేయించినందుకు స్తోత్రం అంటున్నారు. అత్త కూడా విని మూతి విరిచింది. ఇప్పుడు దూడ బయట ఉంది, బర్రె క్షేమంగా ఉంది, ఇప్పుడు నేనెవరికీ కట్టుబడి లేను. అడిగాను.

"ఆ రోజు ఆత్మకూర్లో నువ్వేం జూసినావ్ అత్తా?"

"చూసిందే చూసినా. నవ్వతా ఉన్యావు."

"నవ్వితే?"

"నవ్వినావు గదా" అంది, దూడను రుద్దుతూనే. అంతకంటే ఒక్క అక్షరం రాలలేదు. నేను అన్ని రోజులు పదును పెట్టుకున్న మాటలన్నీ ఆ గడ్డి చప్పుడులో కలిసిపోయాయి. నాకు ఆమె చెంప మీద కొట్టాలనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ అనిపిస్తోంది.

అప్పుడే మా నాయన వచ్చాడు. అమ్మ ఏమి చెప్పి పంపిందో, కట్ట మీద పరుగెత్తి వచ్చినట్టు ఒగరుస్తున్నాడు. పాకలోకి వంగి చూశాడు. దూడ లేవడానికి తంటాలు పడుతోంది. అత్తను అడిగాడు, "మాయ పడిందా?"

"ఇంకా ల్యా. పడతాదిలే."

ఆయన నా చీర చూశాడు, మోచేతుల దాకా ఎండిపోయిన జిగురు చూశాడు. గూట్లో డబ్బులు పెట్టేటప్పుడు తలుపు వైపు చూసినట్టు కాకుండా, నా ముఖంలోకే చూశాడు.

"మోచేతుల కాడ ఇంకా ఉండాది. కడుక్కో పాపా. పోదాం."

నేను కడుక్కున్నాను. కట్ట ఎక్కాం. నేను ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడగానే కరిగిపోవడానికి నేనేమన్నా బెల్లం గడ్డనా? ఆయనకు కూడా తెలియాలి, పక్కనే మనిషి నడుస్తూ నోరు విప్పకపోతే ఎట్లా ఉంటుందో.

కొంత దూరం పోయాక ఆయనే అన్నాడు, "మీ అత్త చెప్పింది అబద్ధమని నాకు ఆ వారమే తెలిసింది. ఆ జెరాక్స్ షాపు కాడికి పొయ్యి అడిగొచ్చినా. మిషను కాయితాలు మింగిందంట గదా."

నేను కట్ట మీద ఆగిపోయాను.

"మరి? ఇంత కాలం?"

"ఎట్ట మొదులుబెట్టాల్నో తెలీలా. తప్పు నాదైపొయ్యింది గదా. ఒక్కో రోజు పొయ్యేకొద్దీ ఇంకా కష్టమైంది."

నాకు ఒళ్ళు మండింది. ఆయన కోసమే కదా ఆ బర్రెను కట్టేసింది! అత్తను మైకు ముందు నిలబెట్టి ఆ మాట కక్కించి ఉంటే, ఆయన తనకు ఎప్పుడో తెలిసిన సంగతిని ఊరందరి మధ్య తల వంచుకుని వినేవాడు. అప్పుడు పోయేది అత్త పరువు కాదు, ఆయన పరువు. నలుగురిలో తప్పు పట్టుబడిన మా నాయన మళ్ళీ ఎవరితోనైనా నోరు తెరిచేవాడని నేననుకోను. అమ్మకు తెలియదు, అయ్యగారికి తెలియదు, నాకూ తెలియదు. మా ముగ్గురి మంచి ఉద్దేశాలు కలిసి ఆయన మెడకు పలుపు బిగించేవి.

ఆ తెలివి వచ్చినా కోపం పోలేదు. అత్త మీది పగ తిన్నగా ఆయన మీదికి దూకింది. ఆ వారమే తెలిసిందట! సరే, ఇప్పుడు నా వంతు. ఒక నెల, కనీసం ఒక నెల నేను ఈయనతో మాట్లాడను, చిల్లర కావాలంటే నేనే గూట్లో పెట్టి చూపిస్తాను అని దవడ బిగించాను.

మా నాయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చెరువు వైపు చూస్తూ అడిగాడు, "ఫస్ట్ క్లాసంటే... అంతకంటే పైన ఇంకేమన్నా ఉండాదా?"

నేను పళ్ళు గట్టిగా బిగించాను. నిజంగా బిగించాను.

"ఉండాది నాయనా, డిస్టింక్షనుండాది. అది కొంచెంలో పొయ్యింది. ఎట్ట పొయ్యిందో తెలుసా, మొదటి సంవత్సరం ఇంగిలీషు పేపర్లో..."

అవతల పాట అయిపోయి వడ్డనకు గిన్నెలు మోగుతున్నాయి. అమ్మ పట్ట బయటికి వచ్చి మా కోసం చెయ్యి ఊపుతోంది. మేము కట్ట మధ్యలోనే నిలబడి ఉన్నాం. నేను ఇంకా మొదటి సంవత్సరంలోనే ఉన్నాను.